నైట్రిక్ యాసిడ్‌లో ఉడికిన పరిశోధకురాలు: థీసిస్ దిద్దుకున్న నా అరవై రోజులు

2024 జూన్ 14, శుక్రవారం మధ్యాహ్నం నా పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేశాను. 187 పేజీలు. చెన్నై దక్షిణ శివార్లలో ఒక చెరువు చుట్టూ ఉన్న బోరుబావుల నీటి మీద ఐదేళ్ల పని. ఆఫీసులో రసీదు చేతికి రాగానే బయటికొచ్చి నెల్లూరుకి ఫోన్ చేసి, "అయిపోయింది నాన్నా" అన్నాను. అయిపోలేదని తెలియడానికి 145 రోజులు పట్టింది.

ఎగ్జామినర్లు ఇద్దరుంటారు. ఒకరు మన దేశంలో, ఒకరు విదేశంలో. రిపోర్టులు రెండు నెలల్లో వచ్చేస్తాయని సీనియర్లు చెప్పారు. ఆగస్టు పోయింది, వినాయక చవితి పోయింది, దసరా, దీపావళి కూడా పోయాయి. వారానికోసారి ఆఫీసుకి వెళ్లి అడిగితే "వస్తే మెయిల్ వస్తుంది" అనేవారు. స్కాలర్‌షిప్ జూన్‌తోనే ఆగిపోయింది కాబట్టి ఆ నెలలన్నీ వేళచ్చేరిలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పి గది అద్దె కట్టాను.

నవంబరు 6న మెయిల్ వచ్చింది. విదేశీ ఎగ్జామినర్ అరపేజీలో తేల్చేశారు: బాగుంది, వైవాకి, అంటే నోటి పరీక్షకి, పంపవచ్చు. మన దేశంలో ఉన్నాయన మూడు పేజీలు రాశారు. ప్రయోగాల గురించి, లెక్కల గురించి అన్నీ మంచి మాటలే. ఆ తర్వాత ఒకటిన్నర పేజీ నా ఇంగ్లీషు మీద. అభ్యర్థి చేయని పనులు చేసినట్టుగా వాక్యాలు చెబుతున్నాయనీ, దీనికి ముఖ్య కారణం పార్టిసిపుల్స్‌ను, అంటే క్రియకి ఇంగ్ గానీ ఎడ్ గానీ చేరి వచ్చే యూజింగ్, లొకేటెడ్ లాంటి మాటలను, ఇష్టం వచ్చినట్టు వాడడమేననీ రాశారు. 23 చోట్ల పేజీ నంబరు, లైను నంబరు ఇచ్చి, ఇలాంటివి థీసిస్ అంతటా ఉన్నాయి, అన్నీ దిద్ది 60 రోజుల్లో మళ్లీ ఇవ్వాలన్నారు.

అందులో నాలుగోది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 58వ పేజీలో నేను రాసిన వాక్యం: "హావింగ్ బీన్ డైజెస్టెడ్ ఇన్ నైట్రిక్ యాసిడ్, ది ఆథర్ ఫిల్టర్డ్ ది సాంపిల్స్." నీటిలో లోహాలు ఎంతున్నాయో చూడాలంటే నమూనాలో నైట్రిక్ యాసిడ్ కలిపి వేడిచేస్తాం, దాన్నే డైజెషన్ అంటాం. అలా చేశాక నమూనాలను వడగట్టాను అని నా ఉద్దేశం. కానీ ఆ వాక్యం ప్రకారం నైట్రిక్ యాసిడ్‌లో ఉడికింది నేనే. ఉడికాక లేచొచ్చి నమూనాలు వడగట్టాను. దాని పక్కన ఆయన రాసింది ఒకటే మాట: పరిశోధకురాలు కోలుకున్నారని ఆశిస్తున్నాను.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ల్యాబ్‌లో త్రాసులుండే చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. సైన్సు తప్పని ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదేమో. పీహెచ్‌డీలో చేరకముందు ఎనిమిది నెలలు నంద్యాలలో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకున్నదాన్ని. తప్పు పట్టుకునే ప్రశ్నల్లో "బీయింగ్ ఎ రెయినీ డే, వుయ్ స్టేడ్ ఎట్ హోమ్" అని కనబడితే చాలు, పది సెకన్లలో "ఇట్ బీయింగ్" అని గుర్తు పెట్టేదాన్ని. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తప్పలేదు. అదే తప్పు నా థీసిస్‌లో డెబ్బై చోట్ల నేనే చేశాను. పరీక్షలో అది ఒక బిట్టు. నా వాక్యాల్లో కూడా అది ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు గైడ్ దగ్గరికి వెళ్లాను. ఆయన తమిళులు, మంచాయన. రిపోర్టు చదివి భుజాలు ఎగరేశారు. "యూజింగ్ అని మొదలుపెట్టి పాసివ్‌లో ముగించని పేపర్ ఒక్కటి చూపించమ్మా" అన్నారు. నిజమే, మా రంగంలో అందరూ అలాగే రాస్తారు. "యూజింగ్ ఎ హ్యాండ్‌హెల్డ్ మీటర్, ది సాంపిల్స్ వర్ టెస్టెడ్." మీటరు వాడింది నమూనాలేనని ఏ సైంటిస్టూ అనుకోడు. "కానీ ఎగ్జామినర్ అడిగాడు కాబట్టి చేసెయ్. ఒక్కటి మాత్రం, ఐ గానీ వుయ్ గానీ పెట్టొద్దు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు" అన్నారు. సులువైన దారి అక్కడే మూసుకుపోయింది. "యూజింగ్ ఎ మీటర్, వుయ్ టెస్టెడ్" అని రాస్తే గొడవే ఉండేది కాదు.

ఆ వారం రెండు తప్పుదారులు తొక్కాను. మొదటిది వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్. నెల చందా కట్టి, చాప్టర్ తర్వాత చాప్టర్ అందులో పోశాను. పాసివ్ ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసింది, కామాలు చెప్పింది, నాకు నూటికి 91 మార్కులేసింది. యాసిడ్ వాక్యం కింద మాత్రం ఏ గీతా లేదు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో లోపం లేదు మరి; మనిషిని ఉడకబెట్టరన్న సంగతి దానికి తెలియదు. రెండోది థీసిస్‌లు దిద్దిపెట్టే ఏజెన్సీ. పదానికి రూపాయిన్నర అన్నారు. నావి 43,000 పదాలు. 64,500 రూపాయలు. ఫోన్ పెట్టేశాను.

నవంబరు 16న, అంటే పది రోజులు వృథా అయ్యాక, ల్యాబ్‌మేట్ ఒకమ్మాయి మైలాపూర్‌లో ఉండే ఒక పెద్దావిడ నంబరిచ్చింది. ఒక ఇంగ్లీషు పబ్లిషర్ దగ్గర ముప్ఫయ్యేళ్లు కాపీ ఎడిటర్‌గా చేసి రిటైరయ్యారట. ఫోన్ చేసి ఇంగ్లీషులో మొదలుపెడితే, నా పేరు విని "తెలుగమ్మాయివా? చెప్పుమా" అన్నారు. వాళ్లది మూడు తరాల కిందట మద్రాసు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలుగు చక్కగా మాట్లాడతారు, మధ్యలో తమిళం దొర్లుతుంది, చదవడం మాత్రం రాదు. థీసిస్ మొత్తం దిద్దనన్నారు. "నేను దిద్దితే నీకేం వస్తుంది? వచ్చి కూర్చో, నీ చేత దిద్దిస్తా. గంటకి ఐదు వందలు." మొత్తం పదకొండు గంటలు కూర్చున్నాను. ఐదున్నర వేలు. ఈ వ్యవహారం అంతటిలో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చింది అదొక్కటే.

వేళచ్చేరి నుంచి తిరుమయిలై స్టేషన్‌కి ఎంఆర్‌టీఎస్ లోకల్ రైల్లో వెళ్లి, అక్కడి నుంచి నడిచేదాన్ని. ఆ పెద్దావిడని ఆంటీ అనేదాన్ని. ఆంటీ గదిలో కంప్యూటర్ లేదు. పెన్సిలు, రబ్బరు, నా ప్రింటౌట్. మొదటి రోజు చేయించిన పని ఒకటే. వాక్యం మొదట్లో ఇంగ్ గానీ ఎడ్ గానీ ఉన్న మాట కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టాలి. అక్కడి నుంచి బాణం గీస్తూ కామా దాటాలి. కామా దాటగానే మొదట ఎవరు ఎదురైతే బాణం అక్కడ ఆగాలి. ఆ పని చేసింది వాళ్లే అని ఇంగ్లీషు లెక్క.

72వ పేజీలో బాణం గీశాను. "వాకింగ్ అలాంగ్ ది బండ్, ది ఫిఫ్త్ బోర్‌వెల్ వాజ్ ఫౌండ్." సున్నా వాకింగ్ చుట్టూ. బాణం వెళ్లి బోర్‌వెల్ మీద ఆగింది. ఆంటీ కళ్లజోడు పైకి తోసి, "చెరువు కట్ట మీద బోరుబావి వాకింగ్ చేస్తుందామా? బీపీ ఉందా దానికి?" అన్నారు.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. ఎగ్జామినర్ గుర్తుపట్టిన 23లో సగానికి పైగా మూడో చాప్టర్‌లోనివే, అంటే ప్రయోగం ఎలా చేశామో చెప్పే చాప్టర్. ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే దొరికింది. అక్కడ ప్రతి పనీ చేసింది నేను. నన్ను నేను వాక్యంలోంచి తీసేశాను, ఎందుకంటే "ఐ" రాయకూడదు. చేసిన మనిషి లేకుండా పోయింది గానీ చేసిన పనులు మిగిలిపోయాయి. వాటికి యజమాని కావాలి కాబట్టి కామా పక్కన ఏది దొరికితే దానికి తగులుకున్నాయి. ఒకచోట బోరుబావికి, ఒకచోట సీసాకి, ఇంకోచోట ఏకంగా రుతుపవనాలకి.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేశారు. ఇంగ్లీషు వ్యాకరణం అంటే మొదట్నుంచీ చిన్నచూపు. "ఇందులో అంత విడ్డూరం ఏముంది? 'అన్నం తిని బడికి వెళ్లాడు' అంటే తిన్నదెవరు, వెళ్లిందెవరు? ఒక్కడే. 'తిని' లాంటి క్త్వార్థకానికీ ప్రధాన క్రియకీ కర్త ఒకడే కావాలి. పాణిని ఎప్పుడో చెప్పాడు, సమానకర్తృకయోః పూర్వకాలే అని. చిన్నయసూరి మీ మద్రాసులోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. నువ్వు ఆ ఊళ్లో ఉండి ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నావు" అన్నారు.

నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. "మరి 'వాన కురిసి చెరువు నిండింది' అంటాం కదా నాన్నా. కురిసింది వాన, నిండింది చెరువు. కర్తలు ఇద్దరు" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. అమ్మ టీవీ సీరియల్ చప్పుడు వినబడుతోంది. తర్వాత, "అది వేరు. ఇది జరిగింది కాబట్టి అది జరిగింది అని కారణం చెప్పేటప్పుడు మన భాష ఒప్పుకుంటుంది" అన్నారు. ఇంకొంచెం ఆగి, "నీ తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చుంటాయి, చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. అన్నీ కాదు గానీ చాలా. "రెయినింగ్ హెవిలీ ఇన్ నవంబర్, ది వాటర్ లెవెల్ రోజ్" అని రాశాను. "నవంబరులో బాగా కురిసి నీటిమట్టం పెరిగింది" అని తెలుగులో చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. కురిసేది వానేనని వినేవాళ్లే పూరించుకుంటారు. ఇంగ్లీషు పూరించుకోదు. నీటిమట్టమే కురిసింది అనుకుంటుంది. వానని మళ్లీ తెచ్చి పెడితే, "హెవీ రెయిన్ ఫాలింగ్ ఇన్ నవంబర్, ది వాటర్ లెవెల్ రోజ్" అంటే, అది పాతకాలపు వాసన వేసినా తప్పు కాదని ఆంటీ చెప్పారు. పార్టిసిపుల్‌కి సొంత కర్త దొరికింది కాబట్టి అది ఇంకెవరినీ పట్టుకోదు. నంద్యాలలో నేను బట్టీపట్టిన "ఇట్ బీయింగ్ ఎ రెయినీ డే"లో ఆ "ఇట్" చేసే పని ఇదేనని ఇన్నేళ్లకి అర్థమైంది. కోచింగ్‌లో దాన్ని ఫార్ములాలా చెప్పారు, ఫార్ములాలాగే మింగేశాను. థీసిస్‌లో మాత్రం "బికాజ్" పెట్టి మామూలు వాక్యం చేసేశాను. కవిత్వం రాయడం లేదు కదా.

నాన్న మాటతో ఇంకోటి కూడా బయటపడింది. తెలుగులో మనం పనులను "చేసి"తో గొలుసుకట్టుగా చెప్పుకుపోతాం. నీళ్లు పట్టి, వడగట్టి, యాసిడ్ కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పరీక్షించాను. ఎంత హాయిగా ఉంది! ప్రతి "చేసి"నీ నేను "హావింగ్"గా మార్చేశాను. హావింగ్ కలెక్టెడ్, హావింగ్ ఫిల్టర్డ్, హావింగ్ యాసిడిఫైడ్. థీసిస్ మొత్తంలో వెతికితే 38 హావింగులు తేలాయి. మరికొన్నిచోట్ల "చేసి"కి "చేస్తూ" రాశాను. "ఫిల్టరింగ్ ది సాంపిల్స్, దే వర్ స్టోర్డ్ ఎట్ ఫోర్ డిగ్రీస్" అంటే నమూనాలు తమను తామే వడగట్టుకుంటూ అదే సమయంలో ఫ్రిజ్‌లో కూర్చున్నాయని. ఒక్క వాక్యంలో రెండు తప్పులు.

ఆంటీ ఈ గొలుసు మొత్తాన్ని ఒక్క గీతతో కొట్టేసి పైన రాశారు: "ది సాంపిల్స్ వర్ కలెక్టెడ్, ఫిల్టర్డ్, యాసిడిఫైడ్ అండ్ స్టోర్డ్." నమూనాలే కర్త, నాలుగు క్రియలు, వరసలో చెబితే వరసలోనే జరిగినట్టు. హావింగ్ లేదు, తన కర్త దొరక్క వేలాడే పార్టిసిపుల్ ఏదీ లేదు. మూడు లైన్లు ఒక లైనయింది. నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది, ఆ మూడు లైన్లు రాయడానికి ఒక సాయంత్రం పట్టింది మరి.

నవంబరు నెలాఖరుకి ఒక పద్ధతి కుదిరింది. యూజింగ్‌ని వాక్యం మొదట్లోంచి తీసి చివర పెట్టడం: "ది సాంపిల్స్ వర్ టెస్టెడ్ యూజింగ్ ఎ హ్యాండ్‌హెల్డ్ మీటర్." అక్కడున్నా శాస్త్రం ప్రకారం అంత శుద్ధం కాదు, కానీ అక్కడ పెడితే చదివేవాడికి తట్టదు, ఎవరూ అడగరు అన్నారు ఆంటీ. ఇంకా భయమైతే "విత్" పెట్టుకోమన్నారు. హావింగ్‌లకి "ఆఫ్టర్" పెట్టి పూర్తి వాక్యం. "కంపేరింగ్ ది టూ సీజన్స్, నైట్రేట్ వాజ్ హయ్యర్" లాంటి చోట, పాపం నైట్రేట్ చేత రెండు కాలాలను పోల్చిచూపించే బదులు, నైట్రేట్ ఎండాకాలం కంటే వానాకాలంలో ఎక్కువ ఉందని నేరుగా చెప్పడం. ఏది దిద్దినా వాక్యం పొట్టిదయింది.

నవంబరు 30న ఫెంగల్ తుపాను. ఆ రోజు చెన్నై ఎయిర్‌పోర్టే మూసేశారు. మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు, కరెంటు లేదు, ల్యాప్‌టాప్ చార్జింగ్ పది గంటలకే అయిపోయింది. కిటికీ పక్కన కూర్చుని ప్రింటౌట్ మీద పెన్సిలుతో బాణాలు గీస్తూ నాలుగో చాప్టర్ ముగించాను. నిజానికి అన్నిటికంటే ఎక్కువ పని అయింది ఆ రోజే. తెర మీద చదివితే కన్ను జారిపోతుంది. కాగితం మీద బాణం గీయాలంటే ఆగాల్సిందే.

అయితే ఆ ఉత్సాహంలో అతి కూడా చేశాను. ఇంగ్ కనబడితే చాలు చంపేయడం మొదలుపెట్టాను. కన్సిడరింగ్, రిగార్డింగ్, ఫాలోయింగ్, అకార్డింగ్ టు, వేటినీ వదల్లేదు. డిసెంబరు 7న వెళ్లినప్పుడు ఆంటీ చూసి తల పట్టుకున్నారు. ఇవి పుట్టుకతో పార్టిసిపుల్సే అయినా ఎప్పుడో ఆ ఇల్లు వదిలేశాయట, ఇప్పుడు ప్రిపొజిషన్లుగా బతుకుతున్నాయి, వీటికి కర్తను వెతకక్కర్లేదు. "అకార్డింగ్ టు"కి కర్త ఎవరని అడుగుతారా ఎవరైనా? పదిహేడు వాక్యాలు వెనక్కి మార్చాను. "బేస్డ్ ఆన్" ఒకటి మాత్రం మధ్యలో ఇరుక్కుంది. "బేస్డ్ ఆన్ ది రిజల్ట్స్, త్రీ వెల్స్ వర్ డ్రాప్డ్" అంటే ఈ రోజుల్లో చాలామంది ఒప్పుకుంటారు, పాతకాలం వాళ్లు ఒప్పుకోరు. మన ఎగ్జామినర్ ఎలాంటివాడో రిపోర్టు చూస్తేనే తెలుస్తోంది కదా, "ఆన్ ది బేసిస్ ఆఫ్" పెట్టెయ్ అన్నారు. పన్నెండు చోట్ల పెట్టాను. క్లోరైడ్ పెరిగింది, "ఇండికేటింగ్" ఫలానా అని కామా తర్వాత తగిలించినవి ఇరవై దాకా ఉన్నాయి. వాటిని వదిలేయమన్నారు. నేను వినలేదు, సగం మార్చాను. ఇప్పుడు చదివితే మార్చిన వాటికంటే మార్చనివే బాగున్నాయి.

ఇక అసలు నిద్ర పట్టనివ్వనిది వేరే ఒకటి. ఎగ్జామినర్ జాబితాలో పదహారోది భాష గురించి కాదు, సైన్సు గురించే అనుకున్నాను. "24 బావులూ డంప్‌యార్డ్ పక్కనే ఉన్నాయా? మ్యాప్ అలా చెప్పడం లేదే?" అని ఉంది. నేను తీసుకున్నవి 24 బావులు. వాటిలో చెత్త డంప్‌యార్డ్ పక్కన ఉన్నవి తొమ్మిదే. ఆ తొమ్మిదింటిలోనే నైట్రేట్, లీటరుకి 45 మిల్లీగ్రాములన్న తాగునీటి పరిమితి దాటింది. నా థీసిస్‌లో ప్రాణం లాంటి విషయం అది. ఈయన మ్యాప్‌నే శంకిస్తున్నాడనుకుని వారం రోజులు కూర్చుని జీపీఎస్ రీడింగులు, కొత్త మ్యాపు, దూరాల పట్టిక, రెండు పేజీల వివరణ తయారుచేశాను.

ఆంటీకి చూపించాను, ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని. ఆవిడ వివరణ చదవలేదు. థీసిస్‌లో ఆ వాక్యం ఎక్కడుందని అడిగారు. 131వ పేజీ. "ది వెల్స్, లొకేటెడ్ నియర్ ది డంప్‌యార్డ్, ఎక్సీడెడ్ ది లిమిట్." రబ్బరు తీసుకుని రెండు కామాలు చెరిపేసి కాగితం నా వైపు తిప్పారు.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత చల్లచెమటలు పట్టాయి. కామాలు లేకపోతే, డంప్‌యార్డ్ పక్కన ఉన్న బావులు పరిమితి దాటాయి, మిగతావి దాటలేదు. కామాలు పెడితే, బావులు పరిమితి దాటాయి, పైగా అవన్నీ డంప్‌యార్డ్ పక్కనే ఉన్నాయి. ఐదేళ్లు ఎండలో తిరిగి తెచ్చిన ఫలితాన్ని రెండు కామాలతో నేనే తలకిందులు చేసుకున్నాను. తెలుగులో "డంప్‌యార్డ్ పక్కన ఉన్న బావులు" అంటాం. ఆ "ఉన్న" బావులకి ముందే వచ్చి కూర్చుంటుంది, మధ్యలో కామా పెట్టాలన్న ఊహే రాదు. ఇంగ్లీషులో అది పేరు వెనక్కి వెళ్లేసరికి, ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెట్టే అలవాటు కొద్దీ పెట్టేశాను. అలాంటివి మొత్తం పద్నాలుగు దొరికాయి. వాటిలో పదింటిలో కామాలు తీసేయాల్సినవి. నాలుగింటిలో మాత్రం ఉండాల్సినవే.

రెండు పేజీల వివరణ చెత్తబుట్టలోకి పోయింది. మ్యాపు ఒకటి ఉంచాను, అంత కష్టపడ్డాక పారేయబుద్ధి కాలేదు.

డిసెంబరు 20కి దిద్దడం అయింది. మొత్తం 206 పార్టిసిపుల్ వాక్యాలకి సున్నాలు చుడితే, 71 నిజంగా వేలాడుతున్నవి. ఇక ఇచ్చేయడమే అనుకున్నాను గానీ కాగితాల పని ఇంకో రెండు వారాలు తినేసింది. ఇది ఎవరూ ముందు చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. మార్చిన ప్రతి వాక్యానికీ పట్టిక ఇవ్వాలి: పాత వాక్యం, కొత్త వాక్యం, పేజీ, లైను. వాక్యాలు పొట్టివవడంతో 187 పేజీలు 181 అయ్యాయి, కాబట్టి పాత పేజీ నంబరూ కొత్త పేజీ నంబరూ రెండూ ఇవ్వాలి. విషయసూచిక, పటాల జాబితా, పట్టికల జాబితా అన్నీ మళ్లీ. వేరేవాళ్ల రాతలతో ఎంత శాతం కలుస్తోందో చెప్పే ప్లేజరిజం రిపోర్టు కూడా మళ్లీ తీయించాలన్నారు. అది మాత్రం 14 శాతం నుంచి 9కి దిగింది. మూడో చాప్టర్‌లో అందరూ రాసే వాక్యాలు పోయి నా వాక్యాలు వచ్చాయి మరి. పట్టికలో ప్రతి పేజీ మీదా గైడ్ సంతకం. ఆయన క్రిస్మస్ సెలవులకి ఊరెళ్లారు. జనవరి 2న వచ్చారు, ఆ సాయంత్రమే 19 సంతకాలు పెట్టించుకున్నాను. గడువు జనవరి 5 ఆదివారం. 3వ తేదీ శుక్రవారం ఇచ్చేశాను. మళ్లీ ఇచ్చినందుకు ఫీజు 5,000, ప్రింటింగ్, మెత్తట్ట బైండింగ్ కలిపి ఇంకో 2,300.

ఈసారి నాన్నకి "అయిపోయింది" అని చెప్పలేదు. "ఇచ్చాను" అన్నాను.

45 రోజులకి, ఫిబ్రవరి 17న, సవరణలు ఆమోదించినట్టు మెయిల్ వచ్చింది. వైవా మార్చి 12, బుధవారం. ఆ ఎగ్జామినరే స్వయంగా వచ్చారు. ముందు రోజు రాత్రంతా పార్టిసిపుల్స్ గురించి అడుగుతారేమోనని టెన్షన్. నిలబడి మాట్లాడేటప్పుడు కూడా వాక్యం "యూజింగ్"తో మొదలుపెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్న రెండో నిమిషంలోనే "లుకింగ్ ఎట్ దిస్ గ్రాఫ్, నైట్రేట్ ఈజ్ హై" అనేశాను. నాలుక కరుచుకున్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరట, ఆంటీ ముందే చెప్పారు. నలభై నిమిషాలు అడిగినవన్నీ నీళ్ల గురించే, నేను పారేయబుద్ధి కాక ఉంచిన ఆ మ్యాపు గురించి రెండు ప్రశ్నలు. చివర్లో లేస్తూ, "ఈసారి మూడో చాప్టర్‌లో ఎవరికీ ప్రమాదం జరగలేదు, సంతోషం" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు, మా గైడ్‌తో సహా.

ఆ వారమే గట్టి అట్ట బైండింగ్‌కి ఐదు కాపీలు ఇచ్చాను, ట్రిప్లికేన్‌లో ఒక షాపులో. కాపీకి 400. బంగారు రంగు అక్షరాలకి రెండు రోజులు ఆగమన్నారు. మార్చి 22, శనివారం నాన్న నెల్లూరు నుంచి రైల్లో వచ్చారు. సెంట్రల్ స్టేషన్ నుంచి గదికి తీసుకొచ్చి, కాఫీ ఇచ్చి, ఒక కాపీ చేతిలో పెట్టాను. చాప్టర్లు ఆయనకెందుకు, కృతజ్ఞతల పేజీ తీశారు. ఆ పేజీని ఎగ్జామినర్లు దిద్దరు. ఆంటీ దగ్గరికి కూడా తీసుకెళ్లలేదు. ఐదేళ్ల కిందటే రాసి పెట్టుకున్న పేజీ అది.

నాన్న చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. కళ్లు చెమర్చాయేమో అనుకున్నాను. "అమ్మాయ్, పెన్సిలుందా?" అన్నారు.

మొదటి వాక్యం ఇదీ: "బీయింగ్ మై ఫస్ట్ టీచర్, ఐ థాంక్ మై ఫాదర్."

బీయింగ్ చుట్టూ సున్నా చుట్టారు. బాణం గీస్తూ కామా దాటించారు. బాణం "ఐ" మీద ఆగింది. "నీకు నువ్వే మొదటి గురువన్నమాట. మరి మధ్యలో నాకెందుకమ్మా థాంక్స్?" అని పడీపడీ నవ్వారు.

సోమవారం నాలుగు కాపీలు మళ్లీ ట్రిప్లికేన్ మోసుకెళ్లాను. బైండింగ్ విప్పకుండానే ఆ ఒక్క పేజీ మొదలంటా కోసి కొత్తది అతికించవచ్చట, కాపీకి 60 రూపాయలు. ఐదోది నాన్న ఇవ్వలేదు. పెన్సిలు బాణంతో సహా అది నెల్లూరులో ఆయన బీరువాలో ఉంది.